బెత్తం మీద పిల్లల దావా

2005 ఫిబ్రవరిలో బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠం ఒక వ్యాజ్యంపై తీర్పు చెప్పింది. వ్యాజ్యం వేసినవారు కొన్ని క్రైస్తవ ప్రైవేటు బడుల ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు. పిల్లలను దారిలో పెట్టడానికి కొట్టడం తమ మత విశ్వాసంలో భాగమని, బడిలో దెబ్బలను నిషేధించిన చట్టం ఆ విశ్వాసానికి అడ్డు వస్తోందని వారు వాదించారు. ఐదుగురు న్యాయమూర్తులూ ఒక్కమాటగా ఆ వాదనను తోసిపుచ్చారు. వారిలో ఏకైక మహిళ అయిన బ్యారనెస్ హేల్ తన అభిప్రాయాన్ని మొదలుపెట్టిన తీరు గుర్తుపెట్టుకోదగ్గది. ఇది మొదటి నుంచీ పిల్లల గురించిన కేసేననీ, అయినా కింది కోర్టుల్లో గానీ ఇక్కడ గానీ పిల్లల తరఫున మాట్లాడినవారు ఒక్కరూ లేరనీ ఆమె రాశారు.

అంతకు ఐదేళ్ళ ముందు దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానంలోనూ ఇలాంటి వ్యాజ్యమే నడిచింది. అక్కడ తీర్పు రాసిన న్యాయమూర్తి ఆల్బీ సాక్స్ కూడా ఇదే లోటును ఎత్తిచూపారు. ఆ బడుల్లో చదివేవారిలో చాలామంది తమ మాట తాము చెప్పుకోగల వయసువారేననీ, వారి అనుభవం కోర్టుకు తెలిసి ఉంటే విచారణ మరింత అర్థవంతంగా సాగేదనీ ఆయన అన్నారు. తల్లిదండ్రులు ఒకవైపు, ప్రభుత్వం ఒకవైపు నిలబడి పిల్లల వీపు గురించి వాదించుకున్నారు. ఆ వీపు ఎవరిదో వారిని అడగడం ఎవరికీ తట్టలేదు.

పిల్లలు నోరు మెదపలేదు కనుక ఇలా జరిగిందని అనుకుంటే పొరపాటు. బడి దెబ్బలకు వ్యతిరేకంగా పిల్లలు వందేళ్ళకు పైగా వీధిలోకి వస్తూనే ఉన్నారు. వినవలసిన చోట వారికి పీట వేయలేదు, అంతే. కొన్ని దేశాల్లో దెబ్బలను ఆపిన చట్టాలు పిల్లల ఒంటి మీద పిల్లలకున్న హక్కుగా రాలేదు. తల్లిదండ్రుల హక్కుగా, వారి మనస్సాక్షికి దక్కిన గౌరవంగా వచ్చాయి. అందుకే ఆ చట్టాలకు చిల్లులు ఎక్కడ ఉన్నాయని వెతికితే, పిల్లల వెనుక పెద్దవారెవరూ నిలబడని చోట్లే కనిపిస్తాయి. బ్రిటన్ చరిత్రలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. అక్కడివారు రాసిన శిక్షాస్మృతినీ, అక్కడి బడి పద్ధతినీ తెచ్చిపెట్టుకున్న మన దేశంలోనూ ఆ చిల్లులు అవే చోట్ల పడ్డాయి.

సమ్మె కట్టిన పిల్లలు

1669లో లండన్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. ఇంగ్లండులోని పిల్లలు పార్లమెంటుకు చేసుకున్న విన్నపంలా దాన్ని రాశారు. బడుల్లో సాగుతున్న హింస భరించరానిదని మొరపెట్టుకోవడంతో అది ఆగలేదు. కొట్టేవారిలో కొందరికి ఆ పనిలో కామపరమైన తృప్తి కూడా ఉందని సూచించింది. ఆ కాలంలో పైకి అనడానికి ఎవరూ సాహసించని మాట అది. కలం పట్టింది పెద్దవారే అయి ఉండాలి. భాష, వాదన రెండూ పండితులవి. కానీ ఆ ఫిర్యాదును పిల్లల గొంతుతోనే చెప్పాలని వారికి తోచడం విశేషం. పార్లమెంటు కదలలేదు.

పిల్లలు తామే రోడ్డెక్కింది 1889లో. ఆ ఏడాది లండన్ రేవు కార్మికులు పెద్ద సమ్మె చేసి గెలిచారు. అక్టోబరులో స్కాట్లాండ్ సరిహద్దు పట్టణమైన హాయిక్‌లో బడిపిల్లలు తరగతులు వదిలి బయటకు వచ్చారు. రోజుల్లోనే ఆ సమ్మె స్కాట్లాండ్ నగరాలకూ, ఇంగ్లండుకూ, వేల్స్‌కూ పాకింది. ఉచిత విద్య, తక్కువ బడి గంటలు, ఇంటికి పాఠాలు ఇవ్వకపోవడం, బెత్తం మానడం వారి డిమాండ్లు. వీటిలో ఉచిత విద్య కొద్ది సంవత్సరాలకే వచ్చింది. ఫీజు కట్టలేని తల్లిదండ్రులకు కూడా అది కావలసినదే కదా. బెత్తం మాత్రం ఉన్నచోటే ఉంది.

1911లో జరిగింది ఇంకా పెద్దది. ఆ వేసవిలో బ్రిటన్ అంతటా రేవులు, రైళ్ళు స్తంభించాయి. ఆగస్టు 19న వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో రైల్వే సమ్మె సందర్భంగా సైనికులు కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. మూడు వారాలు తిరగకముందే, సెప్టెంబరు 5న, అదే ఊరి బిగిన్ బడిలో ఒక అబ్బాయి సమ్మె చేద్దామని రాసిన చీటీని తరగతిలో తిప్పుతూ దొరికిపోయాడు. ఉప ప్రధానోపాధ్యాయుడు వాడిని కొట్టాడు. తోటి పిల్లలు లేచి బయటకు నడిచారు, వీధుల్లో ఊరేగారు. వార్త పత్రికల్లో వచ్చింది. ఆ నెలలోనే లివర్‌పూల్, మాంచెస్టర్, హల్, లండన్ సహా అరవైకి పైగా పట్టణాల్లో బడులు ఖాళీ అయ్యాయి.

ఆ పిల్లల కోరికల జాబితాను ఆనాటి పెద్దలు నవ్వుతూ చదివారు. ఈనాడు చదివితే నవ్వు రాదు. బెత్తం, ఇంటి పని వద్దన్నారు. సెలవులు పెంచమన్నారు. కొన్ని చోట్ల బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో సెలవు అడిగారు, ఎందుకంటే ఆ కూలి డబ్బు ఇంటికి అవసరం. పెన్సిళ్ళు ఉచితంగా ఇవ్వమన్నారు, తరగతి పనులు చూసే పిల్లలకు వారానికి ఒక పెన్నీ ఇవ్వమన్నారు. అప్పటి బట్టల మిల్లుల ప్రాంతాల్లో పన్నెండేళ్ళ పిల్లలు సగం రోజు మిల్లులో, సగం రోజు బడిలో గడపడం చట్టబద్ధమే. పొద్దుటి పూట యంత్రం దగ్గర నిలబడి వచ్చిన పిల్లవాడు మధ్యాహ్నం బెంచీ మీద కునుకు తీస్తే దెబ్బ పడేది. తమను కార్మికులుగా భావించుకుని ఆ పిల్లలు సమ్మె చేశారంటే, వారు నిజంగా కార్మికులే కనుక.

సమ్మె చాలా చోట్ల కొన్ని రోజులకే చల్లారింది. రేవు కార్మికుడు పని ఆపితే యజమానికి నష్టం. పిల్లవాడు బడి మానితే నష్టం పిల్లవాడిదే. పైగా బడికి పంపకపోతే తల్లిదండ్రులకు జరిమానా పడేది. అందువల్ల ఎన్నో ఊళ్ళలో తల్లులే పిల్లలను చెయ్యి పట్టుకుని బడికి లాక్కొచ్చారు. సమ్మెకు ముందు నిలిచినవారికి అందరి ఎదుటా దెబ్బలు పడ్డాయి. బెత్తం వద్దన్నందుకు జవాబుగా బెత్తమే దిగింది. నెల రోజులైనా కాకముందే తమ తండ్రుల మీద సైన్యం తుపాకులు పేల్చడం చూసిన పిల్లలు వీరు. వారు చేసింది తుంటరి అనుకరణ అని చరిత్ర చాలాకాలం కొట్టిపారేసింది. ఈ సమ్మెల ఆనవాళ్ళను పాత పత్రికల్లోంచీ, బడుల దినచర్య పుస్తకాల్లోంచీ ఏరి కూర్చే పని 1970లలో గానీ మొదలు కాలేదు.

ఆ 1970ల ఆరంభంలోనే మళ్ళీ పిల్లలు కదిలారు. అంతకుముందు 1967లో ప్రాథమిక విద్యపై వేసిన ప్లౌడెన్ కమిటీ చిన్నపిల్లల బడుల్లో దెబ్బలు ఉండకూడదని సిఫార్సు చేసింది. 1968లో దెబ్బలను వ్యతిరేకించే ఉపాధ్యాయులు సంఘం పెట్టుకున్నారు. తోటి ఉపాధ్యాయుల కోపాన్ని భరించి దాదాపు ఇరవై ఏళ్ళు పనిచేసిన ఆ కొద్దిమందికి ఈ కథలో గౌరవనీయమైన స్థానం ఉంది. దాని వెనువెంటనే పెద్ద తరగతుల విద్యార్థులు స్కూల్స్ యాక్షన్ యూనియన్ అనే సంఘం కట్టారు. 1972 మే నెలలో లండన్‌లో కొన్ని వేల మంది విద్యార్థులు తరగతులు మాని ఊరేగింపు చేశారు. బెత్తం, నిర్బంధ యూనిఫాం, బడి అయ్యాక కూర్చోబెట్టే శిక్ష పోవాలన్నారు. పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. మర్నాడు పత్రికల్లో ఎక్కువ చర్చ వారి జుట్టు పొడవు మీద, వారి వెనుక ఏ వామపక్ష పార్టీ ఉందన్న దాని మీద జరిగింది. లండన్ నడిబొడ్డు బడులను చూసే విద్యా సంస్థ 1973 నుంచి ప్రాథమిక బడుల్లో బెత్తాన్ని మాన్పించింది. ఊరేగింపులో నడిచినవారు చదివే ఉన్నత పాఠశాలలకు ఆ వరం 1981 దాకా అందలేదు.

సమాధుల తోట మీదుగా అడ్డదారి

బ్రిటన్‌లో చట్టం మారడానికి అసలు కారణమైన ఘటన స్కాట్లాండ్‌లో ఒక పదిహేనేళ్ళ అబ్బాయి దెబ్బలు తిననని కాదనడం. స్కాట్లాండ్ బడుల్లో బెత్తం బదులు చీలికలున్న తోలు పట్టీతో అరచేతుల మీద కొట్టేవారు. ఫైఫ్ ప్రాంతంలోని లాక్‌గెల్లీ ఊళ్ళో జీను పనివారు తయారుచేసే ఆ పట్టీ ఎంత ప్రసిద్ధమంటే దాన్ని ఊరి పేరుతోనే పిలిచేవారు. అక్కడికి పక్కనే ఉన్న కౌడెన్‌బీత్ పట్టణంలో 1976 సెప్టెంబరులో ఈ అబ్బాయి ఇంటికి వెళ్తూ, వెళ్ళకూడదన్న సమాధుల తోట మీదుగా అడ్డదారిన పోవడానికి ప్రయత్నించాడు. మర్నాడు వచ్చి దెబ్బలు తినమన్నారు. తండ్రి సలహాతో అతను రానన్నాడు. బడి అతన్ని బయటకు పంపింది. దెబ్బలు తింటే గానీ తిరిగి రానివ్వబోమంది. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. అతని నిర్బంధ విద్య వయసు ముగిసేదాకా, అంటే మరుసటి ఏడాది మే చివరి వరకు, అతను మళ్ళీ తరగతి గదిలో అడుగు పెట్టలేదు.

అతని తల్లి, గ్లాస్గో దగ్గరి మరో ఊళ్ళో ఇంకో తల్లి యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. 1982 ఫిబ్రవరిలో వచ్చిన ఆ తీర్పు బ్రిటన్ ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టింది. తీర్పు ఏ ఆధారం మీద నిలబడిందన్నది ఇక్కడ కీలకం. ఆ పిల్లల మీద దెబ్బ పడలేదు కనుక అమానుషంగా ప్రవర్తించారని చెప్పలేమంది కోర్టు. అబ్బాయిని బడికి దూరం చేయడం వల్ల అతని విద్యా హక్కుకు భంగం కలిగిందని ఒప్పుకుంది. కానీ తీర్పుకు వెన్నెముకగా నిలిచింది మరొకటి: పిల్లలను కొట్టకూడదన్నది ఆ తల్లుల దృఢ విశ్వాసమనీ, రాజ్యం దాన్ని మన్నించి తీరాలనీ కోర్టు చెప్పింది.

అంటే గెలిచింది తల్లుల విశ్వాసం. కాదన్నవాడు అబ్బాయే, ఏడాది చదువు పోగొట్టుకున్నదీ అతనే. అయినా కోర్టు అతని శరీరానికి విడిగా విలువ కట్టలేదు. ఇది న్యాయశాస్త్రపు సూక్ష్మం మాత్రమే అనిపించవచ్చు. 1985లో బ్రిటన్ ప్రభుత్వం తెచ్చిన బిల్లు ఆ సూక్ష్మం ఎక్కడికి దారితీస్తుందో చూపించింది. తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పిన పిల్లలను కొట్టకూడదు, చెప్పనివారి పిల్లలను కొట్టవచ్చు. ఇదీ ఆ బిల్లు సారం. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఒకే అల్లరి చేసిన ఇద్దరిలో ఒకరికి దెబ్బలు, ఒకరికి మినహాయింపు. అమ్మానాన్నలు చదువుకున్నవారై, ధైర్యంగా ఉత్తరం రాయగలవారైతే బతికిపోయినట్టు. తాగుబోతు తండ్రి, అనాథాశ్రమం, అన్నిటికీ తలూపే తల్లి ఉన్న పిల్లలకు దిక్కు లేనట్టే. కోర్టు తీర్పును అక్షరాలా పాటిస్తే వచ్చేది ఈ చట్టమే! పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ 108–104 ఓట్లతో దాన్ని తిప్పికొట్టడం అదృష్టం.

మరుసటి ఏడాది జూలై 22న దిగువ సభలో పూర్తి నిషేధం 231–230 ఓట్లతో, అంటే ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. 1987 ఆగస్టు 15 నుంచి ప్రభుత్వ బడుల్లో దెబ్బలు చట్టవిరుద్ధమయ్యాయి. ప్రైవేటు బడుల్లో ఫీజు కట్టి చదివే పిల్లలకు మాత్రం ఈ రక్షణ లేదు. తల్లిదండ్రులు చూసి ఎంచుకున్న బడి కదా అన్నది అందుకు చెప్పిన సమర్థన. 1985లో అలాంటి ప్రైవేటు బోర్డింగు బడి ఒకదానిలో చేరి ఐదు వారాలు కూడా నిండని ఏడేళ్ళ పిల్లవాడిని, వసారాలో మాట్లాడడం వంటి చిన్న తప్పులు లెక్కకట్టి, ప్రధానోపాధ్యాయుడు రబ్బరు అడుగున్న బూటుతో మూడు దెబ్బలు కొట్టాడు. 1993లో అదే యూరోపియన్ న్యాయస్థానం ఆ శిక్ష హక్కుల ఉల్లంఘన అనేంత తీవ్రమైనది కాదని 5–4 మెజారిటీతో తేల్చింది. ఇంగ్లండు, వేల్స్ ప్రైవేటు బడుల్లో దెబ్బలు 1999లో, స్కాట్లాండ్‌లో 2000లో, ఉత్తర ఐర్లండ్‌లో 2003లో ఆగాయి. లనెల్లి చీటీ నుంచి లెక్కిస్తే తొంభై రెండేళ్ళు.

మరింత దగ్గరి కాలానిది దక్షిణ కొరియా అనుభవం. సియోల్ నగరంలో విద్యార్థి హక్కుల శాసనాన్ని పౌరుల విన్నపం ద్వారా తేవడానికి 2010, 2011 సంవత్సరాల్లో యువత సంఘాలు, ఉపాధ్యాయులు, పౌర సంస్థలు కలిసి సంతకాలు సేకరించాయి. దెబ్బల నిషేధం అందులో ముఖ్యాంశం. అక్కడి నిబంధనల ప్రకారం ఓటు హక్కున్నవారి సంతకాలే చెల్లుతాయి. తమ గురించిన విన్నపం మీద సంతకం చేసే అర్హత బడిపిల్లలకు లేదు. దాంతో యూనిఫాంలోనే వీధి మలుపుల్లో నిలబడి, అటు వెళ్తున్న పెద్దలను సంతకం చేయమని అడిగారు. లక్షకు దగ్గరగా సంతకాలు వచ్చాయి. 2012 జనవరిలో శాసనం అమలులోకి వచ్చింది. 2023లో ఒక యువ ఉపాధ్యాయురాలి మరణం తర్వాత, తల్లిదండ్రుల వేధింపుల మీద ఉపాధ్యాయుల్లో ఎంతో న్యాయమైన ఆగ్రహం పెల్లుబికింది. దాన్ని విద్యార్థి హక్కుల మీదికి మళ్ళించినవారూ ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో నగర మండలి శాసనాన్ని రద్దు చేస్తూ ఓటు వేసింది, విషయం మళ్ళీ కోర్టుకెక్కింది. తల్లిదండ్రులు చేసిన తప్పుకు హక్కు పోగొట్టుకోవలసింది పిల్లలు అన్న తర్కం ఎక్కడైనా ఇంత సులువుగా చెల్లుబాటవుతుంది.

‘కళ్ళు వదిలేసి కొట్టండి సార్’

1860లో ఇంగ్లండులో హాప్లీ అనే ఉపాధ్యాయుడు తన దగ్గర చదివే అబ్బాయిని కొట్టి చంపాడు. అతన్ని శిక్షించిన కోర్టే మరో సూత్రం కూడా పలికింది. తండ్రికి పిల్లవాడిని మితంగా, సహేతుకంగా కొట్టే అధికారం ఉందనీ, ఆ అధికారాన్ని ఆయన ఉపాధ్యాయుడికి అప్పగిస్తాడనీ. అదే ఏడాది భారత శిక్షాస్మృతి ఆమోదం పొందింది. పన్నెండేళ్ళలోపు పిల్లల మేలు కోరి, సంరక్షకుల సమ్మతితో, సద్బుద్ధితో చేసిన పని కొన్ని పరిమితులకు లోబడి నేరం కాదని అందులోని 89వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 27వ సెక్షన్‌గా కొనసాగుతోంది. పిల్లవాడి ఒంటి మీద సమ్మతి ఇచ్చేది పిల్లవాడు కాడు, సంరక్షకుడు.

ఈ సమ్మతికి తెలుగు ఊళ్ళలో వేరే పత్రం అవసరం లేదు. బడిలో చేర్చేనాడు ‘కళ్ళు వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్, వీడికి చదువు రావాలి’ అని చెప్పని తండ్రి ఒకప్పుడు అరుదు. వీధి బడి నాటి కోదండం, తొడపాశం పోయినా గోడకుర్చీ, గుంజీళ్ళు, మోకాళ్ళ మీద నిలబెట్టడం నిలిచే ఉన్నాయి. ‘దండం దశగుణం భవేత్’ అన్న మాట వాటికి శాస్త్ర ప్రమాణంలా తోడుగా నడిచింది. ఆ తండ్రిది క్రూరత్వం అనలేం. తనకు దక్కని చదువు బిడ్డకు దక్కడానికి ఏ మూల్యమైనా చెల్లిస్తానంటున్నాడు. చెల్లించేది మాత్రం బిడ్డ.

మన దేశంలో తొలి పెద్ద తీర్పు 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు నుంచి వచ్చింది. బడుల్లో దెబ్బలకు వీలు కల్పించిన ఢిల్లీ నిబంధనను అది కొట్టివేసింది. ఆ వ్యాజ్యం వేసింది కూడా తల్లిదండ్రుల వేదికే. 2002 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి బడుల్లో శారీరక శిక్షలను నిషేధించింది. చాలా రాష్ట్రాల కంటే మనం ముందున్నాం.

ఉత్తర్వు తర్వాత ఏం జరిగిందో పిల్లలనే అడిగిన అధ్యయనం ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని యంగ్ లైవ్స్ పరిశోధన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల జీవితాలను 2002 నుంచి వెంబడించింది. 2009లో ఆ పిల్లలను అడిగితే, గడిచిన వారం రోజుల్లో తమను టీచరు కొట్టారని ఎనిమిదేళ్ళవారిలో నూటికి 78 మంది చెప్పారు. పదిహేనేళ్ళవారిలో 34 మంది. నిషేధపు ఉత్తర్వుకు అప్పటికి ఏడేళ్ళు. అదే పరిశోధన నడిచిన ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశాల్లో ఎక్కడా ఇంత ఎక్కువ లేదు. పెద్దయ్యేకొద్దీ దెబ్బలు తగ్గడాన్ని గమనించాలి. తిరగబడే వయసు వారిని తక్కువగా, తిరగబడలేని వారిని ఎక్కువగా కొడుతున్నారు. ఇది క్రమశిక్షణ లెక్కలో ఇమడదు, బలం లెక్కలో ఇముడుతుంది.

ఎందుకు కొట్టారని అడిగినప్పుడు పిల్లలు చెప్పిన కారణాలు 1911 నాటి పిల్లల జాబితాకు దూరపు చుట్టాల్లా కనిపిస్తాయి. పొలం పనికి వెళ్ళి బడి మానినందుకు. నోటు పుస్తకం లేనందుకు. యూనిఫాం లేనందుకు. అల్లరికి పడ్డ దెబ్బలూ ఉన్నాయి, కానీ పేదరికానికి పడ్డవి తక్కువేమీ కాదు. పేద ఇళ్ళ పిల్లలకే దెబ్బలు ఎక్కువ. బడి ఎందుకు నచ్చదంటే ఈ పిల్లల్లో నాలుగో వంతు మంది చెప్పిన మొదటి కారణం టీచర్ల, తోటివారి హింసే.

2009లోనే విద్యా హక్కు చట్టం వచ్చింది. దాని 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. అప్పట్లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అధ్యక్షురాలు శాంతా సిన్హా. తెలుగు పల్లెల్లో బాలకార్మికులను బడికి తెచ్చే ఉద్యమం నడిపి మెగసెసే పురస్కారం అందుకున్న ఆమె హయాంలో కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లలతో మాట్లాడింది. తమకు ఏ శిక్షా పడలేదన్నవారు తొమ్మిది మంది. నీకు చదువు రాదు, నీ వల్ల కాదు అన్న మాట నూటికి ఎనభై మందికి పైగా విన్నారు. కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఫిర్యాదుల పెట్టె, పర్యవేక్షణ బృందాలు, తమ హక్కును పిల్లలకు తెలియజేయడం ఉన్నాయి.

పిల్లల ప్రచారం గురించి మాట్లాడేటప్పుడు ఒక ఇబ్బందికరమైన నిజాన్ని దాటవేయకూడదు. దెబ్బలు తినే పిల్లల్లోనే కొందరు దెబ్బలు మంచివే అంటారు. కొట్టకపోతే మాకు చదువు రాదు, భయం ఉండాలి అని తెలుగు పల్లెల పిల్లలు పరిశోధకులతో అన్నారు. పిల్లల మాట వినాలంటే ఈ మాట కూడా వినాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. వినాలి. ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి. తండ్రి, పంతులు, ఊరి పెద్ద ముగ్గురూ చెప్పిన వాక్యాన్ని పిల్లవాడు అప్పజెబుతున్నాడు. దెబ్బలు లేని తరగతిని అతను ఎన్నడూ చూడలేదు. లనెల్లి పిల్లలకు సమ్మె అన్న పద్ధతి తండ్రుల దగ్గర దొరికింది. మనం పిల్లలకు నమస్కారం నేర్పుతాం, నోరు మూసుకోవడం నేర్పుతాం. ఫిర్యాదు ఎలా చేయాలో ఎవరు నేర్పారు?

ఉపాధ్యాయుల కష్టం కూడా కల్పన కాదు. రెండు మూడు తరగతుల పిల్లలను ఒకే గదిలో ఒకే టీచరు చూసుకునే బడులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సర్వేలు, యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, వీటన్నిటి నడుమ పాఠం. అలాంటి గదిలో బెత్తం చౌకైన సహాయకుడు. తరగతిని దెబ్బ లేకుండా నడిపించే పద్ధతులను శిక్షణలో నేర్పకుండా, టీచర్ల ఖాళీలు నింపకుండా, కొడితే చర్య తప్పదని సర్క్యులర్ పంపడం ప్రభుత్వాల బాధ్యతారాహిత్యం. అయినా ఆ కష్టానికి కారణమైన అధికారి మీద టీచరు చెయ్యెత్తడు. చేతికి అందేది ఎనిమిదేళ్ళ పిల్లవాడే.

చట్టంలోని చిల్లులు ఎక్కడున్నాయో ఇప్పుడు చూడవచ్చు. విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళవారికి. పదో తరగతి ర్యాంకుల కోసం, ఇంటర్మీడియట్ కోచింగు కోసం హాస్టళ్ళలో ఉండే పదిహేను, పదహారేళ్ళ పిల్లలు దాని 17వ సెక్షన్ పరిధిలో లేరు. 2014లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టమే వర్తించదు. సంక్షేమ గురుకులాలు, గిరిజన ఆశ్రమ పాఠశాలల్లోని చిన్నపిల్లలకు చట్టం ఉంది కానీ, అమ్మానాన్నలు వందల కిలోమీటర్ల దూరంలో, ఏ పండక్కో వచ్చేవారు. ఇంగ్లండులో బూటు దెబ్బలు తిన్న ఏడేళ్ళ పిల్లవాడి పరిస్థితి ఇదే. తల్లిదండ్రుల హక్కు మీద కట్టిన రక్షణ తల్లిదండ్రులు లేని చోట నిలబడదు.

అదే చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది. మంచి నిబంధనే. పిల్లలకు అందులో చోటుందా అంటే, కేంద్రం తయారుచేసిన నమూనా నియమాల్లో ఒక మూల ఉంది. మిగిలిన నాలుగో వంతులో మూడో భాగాన్ని స్థానిక విద్యావేత్తలకు గానీ, బడిలోని పిల్లలకు గానీ ఇవ్వవచ్చు. ఎవరికి ఇవ్వాలో కమిటీలోని తల్లిదండ్రులు నిర్ణయిస్తారు. ఇక్కడా తాళం పెద్దల చేతిలోనే.

పిల్లలకు నేరుగా మాట్లాడే చోటు ఇస్తే ఏమవుతుందో చూడడానికి దూరం వెళ్ళనక్కర లేదు. కర్ణాటకలో పనిచేసే పిల్లలు 1990లో భీమ సంఘం పేరిట తమ సంఘం తామే కట్టుకున్నారు. ఆ కదలికలోంచే కుందాపుర ప్రాంతంలో పిల్లల పంచాయతీలు వచ్చాయి. పిల్లలు ఓటు వేసి తమ ప్రతినిధులను ఎన్నుకోవడం, ఊరి పంచాయతీ ముందు తమ సమస్యలను లెక్కలతో సహా పెట్టడం అక్కడ అలవాటైంది. తర్వాత ఆ రాష్ట్రంలో పిల్లల గ్రామసభలు ప్రభుత్వ కార్యక్రమంగా మారాయి. బడి దూరం, మరుగుదొడ్డి, వాగు మీద వంతెన లేకపోవడం వంటివి పెద్దల ఎజెండాకు ఎక్కాయి. అలాంటి సభలో దెబ్బల మాట ఎత్తిన పిల్లవాడు ఒంటరి ఫిర్యాదుదారు కాడు. మర్నాడు బడిలో అతని మీద కక్ష తీర్చుకోవడం అంత తేలిక కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. యాజమాన్య కమిటీలో పిల్లలకు కనీసం రెండు స్థానాలు తల్లిదండ్రుల ఇష్టానికి వదలకుండా నియమంగా రాయాలి, ఆ ఇద్దరినీ పిల్లలే ఎన్నుకోవాలి. 17వ సెక్షన్‌లోని రక్షణను ఇంటర్మీడియట్ హాస్టళ్ళకు రాష్ట్ర చట్టంతో విస్తరించాలి. ప్రతి గురుకులంలో బాలల సహాయ నంబరు 1098కి ఫోను చేసుకోగల సౌకర్యం వార్డెన్ గదిలో కాక పిల్లలు ఒంటరిగా వెళ్ళగల చోట ఉండాలి. ఫిర్యాదుల పెట్టెను ప్రధానోపాధ్యాయుడు కాక బయటి వ్యక్తి, బాలల రక్షణ అధికారి వంటివారు, పిల్లల ప్రతినిధి ఎదుట తెరవాలి. వచ్చిన చీటీలెన్ని, తీసుకున్న చర్యలెన్ని అన్నది ఆ బడి గోడ మీదే రాయాలి. చీటీ వేసిన పిల్లవాడిని ఎవరు రాశారని ఆరా తీయడాన్ని కూడా శిక్షార్హమైన తప్పుగా సర్వీసు నిబంధనల్లో చేర్చాలి.